ఫ్రిస్కోలో ఒక కికర్ నాన్న: కాలేజీ ఫుట్‌బాల్ రిక్రూటింగ్‌లో నా అనుభవం

మా వాడు కికర్. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మిగతా వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకుంటుంటే, మ్యాచ్ మొత్తంలో కొన్నిసార్లు మాత్రమే లోపలికొచ్చి బంతిని తన్ని వెళ్ళిపోయేవాడు. గోల్‌పోస్టుల మధ్యలోంచి వెళ్తే ఎవరికీ గుర్తుండదు, తప్పిందంటే సోమవారం స్కూల్లో మొహం చూపించలేడు. 2025 క్లాస్, అంటే 2025లో హైస్కూల్ అయిపోయిన బ్యాచ్. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ మనవాళ్ళకి లోటు లేదు. టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్ ఆడే పిల్లల తల్లిదండ్రులు వాట్సాప్ గ్రూపుల్లో బోలెడు సలహాలు ఇస్తారు. ఫుట్‌బాల్ అనగానే మాత్రం "దెబ్బలు తగలవా అండీ?" దగ్గరే ఆగిపోతారు. మా వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నిజానికి వాడికంటే ముందు పిచ్చి పట్టింది నాకే. టెక్సాస్‌లో ఏ ఆఫీసులో చూసినా సగం మంది లాంగ్‌హార్న్స్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వాళ్ళు), సగం మంది ఆగీస్ (టెక్సాస్ ఎ అండ్ ఎమ్ వాళ్ళు). మధ్యలో ఏమీ తెలియనట్టు కూర్చుంటే లంచ్ టైములో నోరు మెదపడానికి ఉండదు. అలా మొదలై, ఇంకా మీసాలు కూడా రాని హైస్కూల్ పిల్లలకి ఎవరు ఎన్ని స్టార్లు ఇచ్చారో చూసుకుంటూ రాత్రిళ్ళు గడిపే స్థితికి వచ్చాను. 247స్పోర్ట్స్, ఆన్3, రైవల్స్ (ఈ రెండూ 2025లో కలిసిపోయాయి), ఈఎస్‌పీఎన్ ఇవన్నీ ఆ పిల్లలకి ర్యాంకులు ఇచ్చేవి. 247లో ఫైవ్ స్టార్లు దేశం మొత్తం మీద 32 దాకా ఉంటారు, ఎందుకంటే ఎన్‌ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి రౌండులో ఉండేది 32 పిక్‌లు కాబట్టి. 2022 జూన్‌లో పేరుమోసిన హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ ఒక్క చిన్న ట్వీటుతో టెక్సాస్‌కి వస్తున్నానని చెప్పిన రోజు మా ఆఫీసులో సగం మంది పని చేయలేదు. అంతకు ముందు డిసెంబర్లో దేశంలో నంబర్ వన్ కుర్రాడు ట్రావిస్ హంటర్ ఫ్లోరిడా స్టేట్‌కి ఇచ్చిన మాట సంతకాల రోజు వెనక్కి తీసుకుని, పాత ఎన్‌ఎఫ్ఎల్ స్టార్ డియోన్ శాండర్స్ కోచ్‌గా ఉన్న జాక్సన్ స్టేట్‌కి వెళ్ళిపోయాడు. ఆ రోజైతే నేను కూడా చేయలేదు.

ఈ స్టార్లు ఎంత నమ్మదగినవి అని అడిగితే, గుంపుగా చూస్తే బాగానే పనికొస్తాయి, ఒక్కొక్కడిగా చూస్తే కాదు అంటాను. టెక్సాస్ ఎ అండ్ ఎమ్ 2022లో తెచ్చిన క్లాసుని, అంటే కొత్త ఆటగాళ్ళ బ్యాచ్‌ని, అప్పటిదాకా ఉన్న క్లాసులన్నిటిలోకీ గొప్పదన్నారు, అదే ఏడాది జట్టు 5 గెలిచి 7 ఓడింది. మా పక్కన సౌత్‌లేక్ కారల్‌లో ఆడిన క్విన్ యూవర్స్‌కి 247 కాంపోజిట్‌లో, అంటే అన్ని సైట్ల రేటింగులూ కలిపిన లెక్కలో, నూటికి నూరు రేటింగ్. 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండు దాకా కూర్చోవాల్సొచ్చింది. అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ క్యామ్ వార్డ్. ఇతనూ టెక్సాస్ కుర్రాడే. హైస్కూల్లో ఉండగా ఒక్క స్టార్ కూడా ఎవరూ ఇవ్వలేదు, ఒక క్యాంపుకి వెళ్తే ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చింది.

కానీ ఇదంతా కికర్ల విషయానికొచ్చేసరికి పక్కన పెట్టేయాలి. పెద్ద సైట్లు కికర్‌కి త్రీ స్టార్ దాటి ఇవ్వడం చాలా అరుదు. కికర్ల కోసం వేరే కోచింగ్ క్యాంపులున్నాయి, వాళ్ళ ర్యాంకులు వాళ్ళవి, వాళ్ళ ఫైవ్ స్టార్లు వాళ్ళవి, డబ్బు కట్టి వాళ్ళ క్యాంపుకి వెళ్తేనే ఆ ర్యాంకు. అసలు సంగతి ఏంటంటే సీట్లు. ఒక కాలేజీ ఒక కికర్‌ని తీసుకుందంటే మళ్ళీ మూడు నాలుగేళ్ళు ఆ తలుపు మూసినట్టే. మన ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తు తెచ్చుకోండి, ఆ బ్రాంచ్‌లో ఆ కాలేజీలో ఒకే ఒక్క సీటు ఉండి, అది ఏ ఏడాది ఖాళీ అవుతుందో మీరే కనుక్కోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఇది అంతే, పైగా ఇక్కడ ర్యాంకు ఉంటే సీటు వస్తుందని ఎవరూ రాసివ్వరు.

వాడు చిన్నప్పటినుంచీ సాకర్ ఆడేవాడు. తొమ్మిదో తరగతిలో ఫుట్‌బాల్ కోచ్ చూసి "నువ్వు రారా" అన్నాడు. 2023లో డల్లాస్ కౌబాయ్స్‌కి బ్రాండన్ ఆబ్రీ వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. ప్లేనోలో పెరిగి, నోటర్‌డామ్‌లో సాకర్ ఆడి, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేస్తూ కికింగ్ నేర్చుకుని ఎన్‌ఎఫ్ఎల్‌కి వచ్చినవాడు, వచ్చీ రాగానే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (పోస్టుల మధ్యలోంచి తన్నేవి) కొట్టాడు. మా వాడికి అందులో "సాకర్ నుంచి కౌబాయ్స్" కనిపించింది, మా ఆవిడకి "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" కనిపించింది. ఇద్దరూ ఒకే మనిషిని చూపించి వాదించుకునేవాళ్ళు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని ఎలిజిబిలిటీ సెంటర్‌లో అకౌంట్ తెరవాలి. డివిజన్ 1 (అన్నిటికంటే పై స్థాయి, దాని కింద 2, 3) కావాలంటే 16 కోర్ కోర్సులు, అంటే లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు లాంటివి, అందులో 10 సీనియర్ ఇయర్ (పన్నెండో తరగతి) మొదలవక ముందే అయిపోవాలి, కోర్ జీపీఏ 2.3 ఉండాలి. మన పిల్లలకి ఇది సమస్య కాదు, కానీ స్కూల్ కౌన్సెలర్ చేత ఒకసారి సరిచూపించుకోండి. జూనియర్ ఇయర్ (పదకొండో తరగతి) సెప్టెంబర్ 1 నుంచి కోచ్‌లు పిల్లలకి సొంతంగా మెయిల్, మెసేజ్ పంపొచ్చు. అంతకు ముందు వచ్చేవన్నీ క్యాంప్ బ్రోషర్లు, ప్రశ్నపత్రాలే. ఆ సెప్టెంబర్ 1 రాత్రి 12 దాటగానే స్టార్ పిల్లల ఫోన్లు మోగిపోతాయి. మా వాడి ఫోన్ మోగలేదు. తర్వాత రోజుల్లో కాలేజీల మెయిళ్ళు వరదలా వచ్చాయి, "నీ ఫిల్మ్ (ఆట వీడియో) చూశాం, మా జూన్ క్యాంపుకి రా" అని, కింద ఫీజు కట్టే లింకు. అవి వేల మందికి వెళ్ళే మెయిళ్ళు. వాటిలో మీ వాడి ఫిల్మ్‌లోని ఒక కిక్ గురించి ఒక్క మాటైనా ఉందా లేదా చూడండి. లేకపోతే అది ఉత్త ప్రకటన.

2024 జూన్‌లో ఒక పెద్ద కాలేజీ క్యాంపుకి వెళ్ళాం, పేరు వద్దులెండి. టెక్సాస్ ఎండ, టర్ఫ్ మీద కాలు పెడితే బూటు లోపలికే వేడి కొడుతోంది. పిల్లల ఛాతీకి నంబర్ల స్టిక్కర్లు, వరసలో నిలబెట్టారు. ఇనుప స్టాండు బంతిని నిలబెడుతుంది, ఒక్కొక్కడూ వచ్చి తన్నడం, పక్కకి తప్పుకోవడం. కాలేజీలో ఫీల్డ్ గోల్‌కి కింద దిమ్మ పెట్టనివ్వరు, నేల మీదనుంచే తన్నాలి, పోస్టుల మధ్య వెడల్పు కూడా 18 అడుగుల 6 అంగుళాలే, హైస్కూళ్ళలో మామూలుగా ఉండే 23 అడుగుల 4 అంగుళాలకి అలవాటుపడ్డ కంటికి అది సందులా కనిపిస్తుంది. మా వాడు 33, 38, 43 గజాలవి కొట్టాడు. 48 గజాలది కుడి హాష్ (మైదానం మీద గీసిన కుడివైపు గుర్తు) నుంచి, బంతి లేచిన చప్పుడుకే పక్కన నిలబడ్డ తండ్రి ఒకాయన "ఊ" అన్నాడు. కోచ్ తలెత్తలేదు, అట్ట మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత కికాఫ్‌లు, అంటే ఆట మొదలుపెట్టే దూరపు తన్నులు, అతని చేతిలో స్టాప్‌వాచ్. బంతి గాల్లో ఎన్ని సెకన్లు ఉందన్నది లెక్క, దాన్నే హ్యాంగ్ టైం అంటారు. 3.8, 3.7, 3.8. "నాలుగు కావాలి" అన్నాడు, అంతే, తర్వాతి నంబరు పిలిచాడు. ఆ 0.2 సెకన్ల కోసం వేసవంతా జిమ్‌లో వాడు కాళ్ళు అరగదీసుకున్నాడు. ఆ కాలేజీకి మా క్లాసులో కికర్ అప్పటికే ఖాయమైపోయాడని, క్యాంపు ఫీజు కట్టిన మా అందరికీ ఆ వారం తర్వాత గానీ తెలియలేదు.

ఇక మనవాళ్ళకి మాత్రమే ఉండే తలనొప్పి ఇంకొకటి. మా వాడు గుంటూరులో పుట్టాడు, ఊహ తెలియక ముందే ఇక్కడికొచ్చాడు, ఇప్పటికీ హెచ్4 మీదే (హెచ్1బీ వాళ్ళ పిల్లలకిచ్చే వీసా) ఉన్నాడు. మా గ్రీన్‌కార్డు లైను సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు, దాన్నే ఎన్‌ఐఎల్ అంటారు. హెచ్4 పిల్లలకి పని చేసే అనుమతి లేదు, కాబట్టి ఎవరైనా పిజ్జా షాపువాడు ప్రకటనకి కాస్త డబ్బిస్తానన్నా తీసుకుంటే స్టేటస్‌కే ఎసరు అని లాయర్ ముందే చెప్పేశాడు. పర్డ్యూ బాస్కెట్‌బాల్‌లో జాక్ ఎడీ అంతటివాడికే స్టూడెంట్ వీసా వల్ల ఈ ఇబ్బంది తప్పలేదు. స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డు లేదు, అది జీతం కాదు. కానీ ఈ మాట కోచ్‌లకి చెబితే చాలామంది మొహాలు ఖాళీగా పెట్టారు. మొదటి సీరియస్ ఫోన్ కాల్‌లోనే చెప్పేయండి, సంతకం దాకా దాచకండి.

సీనియర్ సీజన్ మధ్యలో వేరే పెద్ద కాలేజీ నుంచి జూమ్ కాల్ వచ్చింది. ప్రిఫర్డ్ వాక్ ఆన్, అంటే జట్టులో చోటు ఖాయం, స్కాలర్‌షిప్ మాత్రం లేదు. మా వాడు ఎగిరి గంతేశాడు. విజిట్‌కి వెళ్ళాం, యూనిఫాం వేసి ఫొటోలు తీశారు, అవి గుంటూరులో మా అమ్మ వాట్సాప్ స్టేటస్ దాకా వెళ్ళాయి. "బంతి తన్నడానికి కూడా సీటిస్తారట్రా?" అని ఒకటే ఆశ్చర్యం ఆవిడకి. వాడు ఎక్స్‌లో కమిట్ అయినట్టు పెట్టేశాడు.

అప్పుడే పైన కోర్టులో వేరే కథ నడుస్తోంది. ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, 2025-26లో ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల దాకా. దానికి బదులుగా ఫుట్‌బాల్ జట్టులో 105 మందే ఉండాలి. అంతకు ముందు 85 స్కాలర్‌షిప్‌లు, వాటి పైన వాక్ ఆన్‌లు ఎంతమందైనా, చాలాచోట్ల 120 దాటేవాళ్ళు. 2024 అక్టోబర్లో జడ్జి ప్రాథమికంగా ఒప్పుకుంది, అదే నెలలో దశాబ్దాలుగా ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే ఒప్పంద పత్రాన్నీ తీసేశారు. ఆ వార్తలు చదువుతున్నప్పుడు 105 దగ్గర నా కన్ను ఆగింది. కోచ్‌ని అడిగితే "మీకేం టెన్షన్ వద్దు" అన్నాడు. డిసెంబర్ 4న పెద్ద పిల్లలంతా సంతకాలు చేశారు. వాక్ ఆన్‌లకి సంతకం ఉండదు, మాటే. జనవరిలో ఫోన్ వచ్చింది. పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) రెండేళ్ళు ఆడిన కికర్‌ని తెచ్చుకున్నారు, రోస్టర్ (జట్టు జాబితా) లెక్కలు మారాయి, సారీ. కాల్ మొత్తం కలిపి మా వాడు బూట్ల లేసులు కట్టుకున్నంతసేపు కూడా లేదు.

రెండు రోజులు వాడు గది లోంచి రాలేదు. మా ఆవిడ నాతో కూడా మాట్లాడలేదు, నేనేదో చేసినట్టు. నాకు వచ్చిన పని ఒక్కటే, ఎక్సెల్ తెరిచాను. టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కాన్సా, లూసియానాల్లో ఉన్న చిన్నా పెద్దా కాలేజీల రోస్టర్లన్నీ ఎక్కించి, ఎక్కడ కికర్ చివరి ఏడాదిలో ఉన్నాడో, ఎక్కడ వెనక ఎవరూ లేరో రంగులేశాను. ఎన్‌సీఏఏలో 105 పరిమితి ఆ సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకే, చేరని చిన్న డివిజన్ 1 కాలేజీలకీ, డివిజన్ 2, 3లకీ లేదు. ఖాళీ ఉన్నచోటల్లా స్పెషల్ టీమ్స్ కోచ్ (కికర్లని చూసుకునే కోచ్) మెయిల్ ఐడీ వెతికి, మా వాడి చేతే రాయించాను. తండ్రి రాస్తే చదవరు, పిల్లాడే రాయాలి. రెండు నిమిషాల వీడియో, మొదటి కిక్కే 50 గజాలది, పాటల్లేవు, గ్రాఫిక్స్ లేవు.

టెక్సాస్‌లోనే ఒక డివిజన్ 3 కాలేజీ కోచ్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు, కానీ చదువుకి మెరిట్ ఇస్తారు. మా వాడి మార్కులకి ట్యూషన్‌లో సగం పైనే తగ్గించారు. విజిట్‌లో కోచ్ అడిగిన మొదటి ప్రశ్న "ఏం చదువుతావు?" అని. మా ఆవిడకి ఆయన అక్కడే నచ్చేశాడు. వీసా సంగతి చెబితే, ఆయనకి తెలియదు గానీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ మాకంటే బాగా హెచ్4 గురించి చెప్పింది, 21 నిండే లోపు ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) ఎప్పుడు మారాలో కాగితం మీద రాసిచ్చింది.

2025 జూన్ 6న సెటిల్‌మెంట్‌కి తుది ఆమోదం వచ్చింది. చోటు పోగొట్టుకున్న పిల్లల కోసం జడ్జి పట్టుబట్టడంతో, అలాంటి వాళ్ళని 105 లెక్కలో కలపకుండా తీసుకోవచ్చని ఒక మినహాయింపు పెట్టారు. కాలేజీలు మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడంతో చోటు పోయిన హైస్కూల్ పిల్లలూ అందులోకి వస్తారు. ఆ నెల చివర్లో పాత కాలేజీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, లిస్టులో పేరు పెట్టాం, కావాలంటే రావచ్చు అని. స్పీకర్ ఆన్‌లో ఉంది. నేను ఒప్పుకో అని సైగ చేస్తున్నా. వాడు నావైపు చూడలేదు. "నేను లెక్కలోకి రాకపోతే, మరి మ్యాచ్‌లో కిక్ ఎవరు కొడతారు కోచ్?" అని అడిగాడు. ఆయన నిజమే చెప్పాడు, ఆ పోర్టల్ కుర్రాడికి ఇంకా రెండేళ్ళ ఆట ఉందన్నాడు. వాడు థాంక్స్ చెప్పి పెట్టేశాడు, "నాన్నా, అక్కడ నేను బంతులు మోయాలి" అన్నాడు.

ఆగస్టు మొదట్లో వాణ్ణి డివిజన్ 3 క్యాంపస్‌లో దింపొచ్చాం. కికాఫ్‌లు వాడివే, ఫీల్డ్ గోల్స్ ఇంకా సీనియర్‌వి. హ్యాంగ్ టైం ఎంతొస్తోందిరా అంటే చెప్పడు, అంటే నాలుగు ఇంకా రాలేదన్నమాట.