నల్గొండ రోడ్ల మీద ఫిక్స్‌డ్ గేర్: నా అనుభవం

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు ఫ్రీవీల్, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం, ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు బిగబడితే చక్రం ఆగుతుంది, వెనక్కి తొక్కితే సైకిల్ వెనక్కే పోతుంది. వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల కోసం కట్టిన ట్రాక్) రేసుల్లో తొక్కేవి ఇవే. వాటిని ఊళ్లలోని రోడ్ల మీదికి తెచ్చి ట్రిక్స్ చేయడం, వాటిని వీడియో తీయడం చాలా దేశాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. నల్గొండలో మాత్రం ఇలాంటి సైకిల్ నాకు ఏ షాపులోనూ కనబడలేదు. అందుకే సైకిల్ కట్టించుకోవడం దగ్గరే నా పని మొదలైంది.

ఇంట్లో పాత స్టీలు ఫ్రేము ఒకటి ఉంది. దానికి వెనక ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, కాబట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చైన్ బిగించుకోవచ్చు. ఫిక్స్‌డ్‌కు కావాల్సింది అదే, ఎందుకంటే చైన్ వదులైతే లాగిపట్టే స్ప్రింగు ఇందులో ఉండదు. ఫ్రేము తీసుకుని ప్రకాశం బజార్ వైపున్న చాచా షాపుకు పోయాను. ఫ్రీవీల్‌కు వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందా అని అడిగితే చాచా తల అడ్డంగా ఊపాడు.

"ముందుకు తొక్కితే ఫ్రీవీల్ మర బిగుస్తది బేటా. నువ్వు కాళ్లతోని ఆపుతనంటున్నవ్. ఆపినప్పుడల్లా అది ఊడుకుంట వస్తది. ఎడమ పెడల్ మర ఉల్టా ఎందుకుంటది? గట్లనే దీని మీదికెల్లి ఇంకో ఉల్టా మర బిగియ్యాలె."

చాచా ఫిక్స్‌డ్ గేర్‌ను అంతకుముందు చూసి ఎరుగడు. కానీ ఆయన చెప్పింది అచ్చంగా ట్రాక్ హబ్ (ఈ సైకిళ్ల వెనక చక్రం నడిమి భాగం) పనిచేసే తీరే. పళ్ల చక్రం మామూలు మర మీద ఎక్కుతుంది, దాని పైన లాక్‌రింగ్ ఎడమ మర మీద బిగుస్తుంది. వెనక్కి ఒత్తిడి పడ్డప్పుడు పళ్ల చక్రం వదులవ్వాలని చూస్తే లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుని దాన్ని ఆపేస్తుంది. నెట్‌లో చదువుకుని వచ్చినవాడిని నేను. ఆయన పెడల్ పట్టుకుని అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

హబ్, లాక్‌రింగ్, పళ్ల చక్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. పళ్ల లెక్క దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే టైర్ల ఖర్చు అంతా ఇక్కడే తేలుతుంది. నా ముందు చైన్ వీల్‌కు 48 పళ్లు. వెనక 16 వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం సరిగ్గా 3 చుట్లు తిరుగుతుంది. స్కిడ్ కొట్టేటప్పుడు, అంటే కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని రోడ్డు మీద జార్చేటప్పుడు, మన పాదాలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి, కాబట్టి టైరు ప్రతిసారీ ఒకే చోట రోడ్డుకు రాసుకుంటుంది. కొత్త టైరు అక్కడొక్కచోటే అరిగి పోతుంది. 18 వేస్తే, 48నీ 18నీ రెండింటినీ భాగించే పెద్ద అంకె 6 కాబట్టి, అలా అరిగే చోట్లు 18లో ఆరో వంతు, అంటే మూడవుతాయి. అదే 19 వేస్తే 48నీ 19నీ రెండింటినీ భాగించే అంకె 1 తప్ప ఇంకోటి లేదు కాబట్టి 19 చోట్ల సమంగా అరుగుతుంది. పైగా తొక్కడం తేలిక, ట్రిక్స్‌కు అదే నయం. 19 తెప్పించాను. సీసీ రోడ్డు తారు రోడ్డు కంటే టైర్లను త్వరగా తినేస్తుంది, మన కాలనీల్లో ఎక్కువగా ఉన్నవి సీసీ రోడ్లే. అందుకే ఈ లెక్క ఇక్కడ ఇంకా ముఖ్యం.

ముందు బ్రేకు ఉంచుకున్నాను. బ్రేకు లేకుండా తొక్కడమే అసలైన ఫిక్స్‌డ్ అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట నేను వినను. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే స్కిడ్‌తో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. సందులోంచి ఆటో అడ్డం వస్తే ఆ దూరం మనకు దొరకదు. దీనివల్ల ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. బ్రేకు వైరు అడ్డం ఉంటే హ్యాండిల్‌ను గిర్రున తిప్పే బార్‌స్పిన్ చేయలేం. వైరును ఫోర్కు లోపలి గొట్టం గుండా దింపే పద్ధతి ఒకటుంది గానీ, నా ఫ్రేముకు అది కుదరలేదు. వదిలేశాను, బాధ లేదు.

మొదట ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఊరికే తొక్కడం అలవాటు చేసుకున్నాను. కాళ్లు ఆపాలనే పాత అలవాటు పోవడానికే వారాలు పట్టింది. నిలబడిన చోటే సైకిల్‌ను నిలిపే ట్రాక్‌స్టాండ్ కొంచెం ఎత్తుగా పోయే రోడ్డు మీద త్వరగా వస్తుంది. ముందు చక్రం పక్కకు తిప్పి, పెడల్స్ నేలకు సమంగా పెట్టి, కాస్త తొక్కితే సైకిల్ ఎగువకు జరుగుతుంది, పట్టు వదిలితే వాలు దాన్ని వెనక్కి తెస్తుంది. స్కిడ్‌కు నడుము సీటు మీద నుంచి లేచి హ్యాండిల్ వైపు రావాలి. ముందు కాలును పెడల్‌కున్న బెల్టుతో సహా పైకి లాగాలి, వెనక కాలు కిందికి తొక్కిపట్టాలి. రోడ్డు అంచున ఇసుక ఉన్నచోట వెనక చక్రం సులువుగా జారుతుంది, కానీ ముందు చక్రం ఆ ఇసుకలోకి పోతే పడటమే. చైన్ దగ్గర కూడా జాగ్రత్త. బూటు లేసు ఇరుక్కున్నా, శుభ్రం చేస్తుంటే వేలు ఇరుక్కున్నా ఈ చక్రం ఆగదు.

వీడియో తీసింది మా బాబాయి కొడుకు. మొదటి వీడియోలు నడుము ఎత్తు నుంచి తీశాడు. చూస్తే మామూలు సైకిల్‌లాగే ఉంది. ఫిక్స్‌డ్‌లో కథంతా కాళ్లలోనే ఉంటుంది, ఆ కాళ్లు కనబడకపోతే ఏమీ కనబడనట్టే. అప్పటి నుంచి ఫోన్‌ను మోకాలి కంటే కిందికి దించి, వైడ్ లెన్స్ పెట్టి, దగ్గరగా రమ్మన్నాను. పానగల్ ఉదయసముద్రం కట్ట వైపు పొద్దున్నే స్కూటీ మీద వెంట వస్తూ తీశాడు. డ్రైవ్ చేసేది ఒకరు, వెనక కూర్చుని తీసేది ఇంకొకరు. దీని మీద నేను రాజీపడను. ఫోన్ సెకనుకు 60 ఫ్రేముల్లో పెడితే సగం వేగానికి తగ్గించినా వీడియో ఆగిఆగి నడవదు. కానీ స్కిడ్‌ను మాత్రం స్లో చేయొద్దు. టైరు రోడ్డును గీరే ఆ చప్పుడు అసలు వేగంలోనే వినాలి, దాని మీద పాట వేస్తే నా మనసు ఒప్పుకోదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఫేకీ, అంటే వెనక్కి తొక్కుతూ పోవడం. ట్రాక్‌స్టాండ్‌లో నిలబడి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ కాళ్లను ఉల్టా తిప్పాలి. హ్యాండిల్ కొంచెం ఎక్కువ కదిలినా ముందు చక్రం మడతబడుతుంది. ఎంతో కష్టపడి వచ్చాక, ఖాళీ రోడ్డు మీద చక్కగా తీసిన వీడియో స్నేహితులకు పంపితే అందరిదీ ఒకటే మాట: "రివర్స్‌ల పెట్టినవ్ కదరా!"

నిజమే, ఖాళీ రోడ్డు మీద ముందుకు తొక్కిన వీడియోను తిప్పి వేసినా దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి వీడియోలో మనుషులు కావాలి. షట్టర్లు తెరవకముందు ప్రకాశం బజార్‌కు పోయాం. మున్సిపాలిటీ అక్కలు రోడ్డు ఊడుస్తున్నారు, పాల క్యాన్లు కట్టుకుని ఒక బండి వస్తోంది. ముందే అక్కలకు సంగతి చెప్పి, మొహాలు పడకుండా తీస్తామని అడిగాం. "మేం ఊడుసుకుంట పోతం, నువ్వు ఎన్కకు పో బిడ్డా, మాకేంది" అని నవ్వారు. చీపురు ముందు దుమ్ము లేస్తోంది, బండి ముందుకు పోతోంది, నేను వాళ్ల మధ్యలోంచి వెనక్కి తొక్కుతున్నాను. ఆ వీడియో చూసి రివర్స్ అన్నవాళ్లు ఒక్కరు లేరు. ఎక్కడ ఎవరూ లేకుండా తీద్దామా అని అన్నాళ్లూ వెతికాం. మనుషులుంటేనే ఇది నిజంగా కనబడుతుందని అక్కడ తెలిసింది.

గడియారం సెంటర్‌లో కూడా తీశాం గానీ, ఒక కానిస్టేబుల్ అన్న వచ్చి ట్రాఫిక్ మొదలయ్యేలోపు ముగించుకోమన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, వెంటనే సర్దుకున్నాం. ఇప్పుడు ఆదివారాలు తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే ఇంటికి వస్తున్నాం.

బాబాయి కొడుకు కూడా తనకొకటి కట్టించుకుంటున్నాడు, చాచా ఇప్పటికే ఫ్రేము చూసి పెట్టాడు. దానికి ముందువైపు చైన్ వీల్ 44 పళ్లది, కాబట్టి వెనక 16 వేయొద్దని, అరిగే చోట్లు నాలుగే వస్తాయని చెప్పాను. 17 వేస్తే 17 వస్తాయి. హబ్ రాగానే బిగిస్తారు.