కెమిస్ట్రీ గడి ఖాళీగా వదిలేసిన రోజు

పశువైద్యురాలిని కావడానికి జంతువుల మీద ప్రేమ, బయాలజీ ఉంటే చాలనుకుని, సబ్జెక్టులు ఎంచుకునే ఫారంలో కెమిస్ట్రీ గడిని ఖాళీగా వదిలేసిన రోజు నాకింకా గుర్తుంది. చాలా పశువైద్య కళాశాలలు కెమిస్ట్రీని కూడా తప్పనిసరిగా అడుగుతాయని తెలిశాక, పెన్సిలుతో పెట్టిన టిక్కులు చెరిపి మళ్లీ పెట్టాను. మనం మామూలుగా మింగే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీయగలదని, దానిని హానిలేకుండా మార్చే ఎంజైములు పిల్లి కాలేయంలో చాలా తక్కువగా ఉండటమే అందుకు కారణమని చదివాక గానీ ఆ సబ్జెక్టు విలువ నాకు తెలిసిరాలేదు. లెక్కలంటే ఇప్పటికీ భయమే. అయినా 4 కిలోల పిల్లికైనా 400 కిలోల ఆవుకైనా మందు మోతాదును బరువును బట్టి లెక్కకట్టాల్సిందే కదా! ఫిజిక్స్ విషయంలో ఒక్కో కళాశాల నియమం ఒక్కోలా ఉండటంతో, నేను దరఖాస్తు చేయదలచిన వాటి అర్హతలన్నీ చదివి, చివరికి దానినీ తీసుకున్నాను.