షాఫ్ట్ వంగలేదని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

మా పడవ ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనుక బయట తగిలించే ఇంజను) మరమ్మతు నిన్నటితో పూర్తయింది. కోపం ఇంకా చల్లారలేదు. మరొకరికి ఈ అవమానం జరగకూడదని ఇప్పుడే రాస్తున్నాను.

గేర్ ఆయిల్ మార్చేటప్పుడు లోపం బయటపడింది. 100 గంటలకో, ఏడాదికో ఒకసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. నేను ఆ లెక్క తప్పను. ఈసారి కింది బిరడా విప్పగానే నూనె మజ్జిగలా తెల్లగా కారింది. గేర్ పెట్టెలోకి నీరు చేరిందని అప్పుడే అర్థమైంది. మోటారు దించి సర్వీసు కేంద్రంలో అప్పగించేవరకు ఏ ఇబ్బందీ లేదు.

అక్కడి పెద్ద మెకానిక్ నీటిని తోసే రెక్కల చక్రాన్ని, అంటే ప్రొపెల్లర్‌ను, చేత్తో ఒక్క చుట్టు తిప్పాడు. రెక్క అంచు ఊగుతోందని చూపించి, "రాయికి కొట్టారు. షాఫ్ట్ వంగింది. కింది భాగం మొత్తం మార్చాలి" అని తేల్చేశాడు. షాఫ్ట్ అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు. రాయి తగల్లేదన్నాను. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా, "నడపడం రానివాళ్లందరూ ఇదే మాట అంటారండీ" అన్నాడు. ఇన్నేళ్లుగా పడవ నడుపుతున్నవాణ్ని, అంతమందిలో ఆ మాట పడాల్సి వచ్చింది.

రాయో, దుంగో షాఫ్ట్ వంగేంత గట్టిగా తగిలితే సాధారణంగా రెక్కల మీద గంట్లు పడతాయి, లేదా ప్రొపెల్లర్ కింద రెక్కలా ఉండే స్కెగ్ చెక్కుకుపోతుంది. నా మోటారు మీద గీత కూడా లేదు. పైగా రెక్క ఊగినంత మాత్రాన షాఫ్ట్ వంగినట్టు కాదు. రెక్క వంకరైనా, ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు హబ్ దెబ్బతిన్నా అలాగే ఊగొచ్చు. ప్రొపెల్లర్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఉత్త షాఫ్ట్ మీద డయల్ గేజ్ (సన్నటి వంకరను కూడా ముల్లుతో చూపించే కొలత సాధనం) ఆనించి తిప్పితేనే నిజం తేలుతుంది. అదే అడిగాను. "నా కన్నే గేజ్" అన్నాడు. మరమ్మతు పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపించినా అతను కదల్లేదు. కొలిచి కాగితం మీద రాసివ్వందే సంతకం పెట్టనని మేనేజరు దగ్గర భీష్మించుకు కూర్చున్నాక గానీ పని జరగలేదు.

ప్రొపెల్లర్ లాగి, దాని వెనుక వాషర్ తీయగానే దొంగ దొరికాడు. నైలాన్ గాలపు దారం షాఫ్ట్‌కు చుట్టుకుని, నీరు లోపలికి రాకుండా ఆపే సీల్ అంచును కోసుకుంటూ లోపలికి దిగిపోయింది. నీళ్లలో ఎవరో వదిలేసిన దారం అది. గేజ్ ముల్లు దాదాపు కదల్లేదు, షాఫ్ట్ నిటారుగానే ఉంది. ఆ మెకానిక్ నోట క్షమాపణ మాత్రం రాలేదు.

షాఫ్ట్ మార్చక తప్పలేదు, అయితే కారణం వేరు. దారం, ఇసుక కలిసి సీల్ ఆనే చోట గాడి పడేలా అరగదీశాయి. ఆ గాడి మీద కొత్త సీల్ వేసినా నీరు కారుతుంది. సీళ్లు, తుప్పు పట్టిన బేరింగు కూడా మార్చారు. గేర్లు బతికాయి. బిగించాక గాలి ఒత్తిడి పెట్టి, లీకు లేదని నా కళ్లముందే చూపించమన్నాను.

మీరు కూడా తరచూ ప్రొపెల్లర్ విప్పి వాషర్ వెనుక దారం ఉందేమో చూడండి. షాఫ్ట్ పళ్లకు నీటికి కొట్టుకుపోని గ్రీజు రాయండి, లేకపోతే ప్రొపెల్లర్ పట్టేసి ఊడిరాదు. ప్రొపెల్లర్ నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వాడండి. గంటు పడిన ప్రొపెల్లర్‌తో నడిపితే ఆ అదురు బేరింగునూ సీళ్లనూ తినేస్తుంది. నిజంగా వంగిన షాఫ్ట్‌ను సుత్తితో కొట్టి సరిచేస్తామనేవాళ్ల గడప తొక్కకండి.

పాత షాఫ్ట్‌ను అడిగి తెచ్చుకున్నాను. గోరు పెడితే గాడి తగులుతుంది. దాని ఫోటో, గేజ్ కొలతల కాగితం జతచేసి కంపెనీకి ఫిర్యాదు పంపాను. జవాబు ఇంకా రాలేదు.