పావు తిప్పు

మొదటి ఆపరేషన్ జరిగి పదకొండు నెలలైనా మా తమ్ముడి మోకాలి కింద, కాలి ముందువైపు, కందిగింజంత రంధ్రం నుంచి చీము కారుతూనే ఉండేది. బైకు ప్రమాదంలో ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చిన కాలు అది. లోపల రాడ్ వేశారు. పుండు మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. మాత్రలు వాడినన్నాళ్ళూ తగ్గినట్టే ఉండి, ఆపిన పది రోజులకు గాజుగుడ్డ తడిసేది. ఇంట్లో పెద్దవాళ్ళు పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు గానీ, లోపల కుళ్ళుతున్న ఎముకకు పైకట్టు చేయగలిగిందేమీ లేదు.

అన్ని మందులు ఎందుకు పని చేయలేదో రెండో సర్జన్ ఎక్స్‌రే చూపించి చెప్పారు. రక్తం అందక చచ్చిపోయిన ఎముక ముక్క చుట్టుపక్కల ఎముక కంటే తెల్లగా కనబడుతోంది. దాని మీదా, రాడ్ మీదా సూక్ష్మక్రిములు జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయి. రక్తమే వెళ్ళని చోటికి రక్తంతో ప్రయాణించే మందు ఎలా వెళుతుంది? పైగా అక్కడ ఎముకకు ముందువైపు కండ లేదు, చర్మమే కప్పు.

ఆయన మొట్టమొదట చేసిన పని యాంటీబయోటిక్‌ను రెండు వారాలు పూర్తిగా ఆపించడం. ఇదేం వైద్యమని మేము బెంబేలెత్తిపోయాం. మందు ఒంట్లో ఉండగా తీసిన ముక్కల్లో క్రిమి పెరగకపోవచ్చునని, ఏ క్రిమో తేలనిదే సరైన మందు ఎంచలేమని తర్వాత అర్థమైంది. రంధ్రం దగ్గర తుడిచిన చీములో చర్మం మీది క్రిములు కూడా కలుస్తాయి కాబట్టి, ఆపరేషన్‌లో లోపలి నుంచి ఐదు చోట్ల ముక్కలు తీసి పరీక్షకు పంపారు. రాడ్ తీసేసి, ఎముక అంచున రక్తపు చుక్కలు పొడిచేదాకా చెక్కారు. ఐదు సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

ఆ ఖాళీని మందు కలిపిన సిమెంటుతో నింపి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ పొర ఏర్పడ్డాక సిమెంటు తీసి, తుంటి ఎముక తురుము నింపడం ఫ్రాన్స్ సర్జన్ మాస్కెలే పద్ధతి. మాకు మాత్రం ఇలిజరోవ్ రింగులు వేశారు; అంటే కాలి చుట్టూ బయట ఉండి, ఎముకలోకి దిగిన సన్నని తీగలతో దాన్ని పట్టి ఉంచే లోహపు వలయాలు. సైబీరియాలోని కుర్గాన్‌లో 1950లలో సోవియట్ సర్జన్ ఇలిజరోవ్ రూపుదిద్దిన పద్ధతి ఇది. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత బ్రూమెల్ మరుసటి ఏడాది మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జై, ఎన్నో ఆపరేషన్ల తర్వాత చేరింది ఆయన దగ్గరికే. బాగున్న చోట ఎముకను కోసి, వారం ఆగి, ఆ ముక్కను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఖాళీ వైపు జరుపుతారు. జరిగినంత మేరా వెనుక కొత్త ఎముక పుడుతుంది.

జరిపింది మేమే. పది నంబరు పానాతో రోజుకు నాలుగు సార్లు, ఒక్కొక్క నట్టు పావు తిప్పు. పొరపాటు రాకుండా అమ్మ క్యాలెండర్‌లో గీతలు పెట్టేది. "అన్నయ్యా, రాత్రిది నేనే తిప్పుకుంటాను" అని వాడు నాలుగో రోజే పానా లాక్కున్నాడు. సిగరెట్ మానిపించడం మాత్రం అంత సులువు కాలేదు; కొత్త ఎముకకు అది విషమని డాక్టర్ గట్టిగా చెప్పాకే మానాడు. తీగలు దిగిన చోట్ల రోజూ శుభ్రం చేయడం, మడమ పైకి లాక్కుపోకుండా పాదానికి వ్యాయామం చేయించడం మా వంతు.

తిప్పడం యాభై రోజుల్లో ముగిసింది. ఆ కొత్త ఎముక గట్టిపడేదాకా రింగులతోనే మరో ఎనిమిది నెలలు నడిచాడు. ముక్కలు కలిసిన చోట అతుకు పడక, మధ్యలో తుంటి ఎముక పెట్టి మరో చిన్న ఆపరేషన్ కూడా చేయాల్సి వచ్చింది. రింగులు తీసి ఏడాదిన్నర అయినా, మూడు నెలలకోసారి రక్తపరీక్షకు రమ్మంటూనే ఉన్నారు.