టెక్సాస్‌లో బైక్ లైసెన్స్: నా అనుభవం

ఊళ్లో స్ప్లెండర్ నడిపినవాణ్ణి, నాకు కొత్తగా నేర్పేదేముంది అనుకుంటూనే బైక్ ట్రైనింగ్ కోర్సుకి ఫీజు కట్టాను. కట్టక తప్పదు. టెక్సాస్‌లో కారు లైసెన్స్ ఉన్నా బైక్‌కి విడిగా క్లాస్ ఎం కావాలి, దానికి రాష్ట్రం ఒప్పుకున్న ట్రైనింగ్ తప్పనిసరి. 18 ఏళ్లు నిండి, మామూలు కారు లైసెన్స్ ఉన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఉంటే, లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో రోడ్ టెస్ట్ పెట్టరు. అదొక్కటే ఊరట.

థియరీ సంగతి వదిలేయండి. అసలు కథంతా ఖాళీ పార్కింగ్ లాట్‌లో. చిన్న ఇంజిన్ బండి వాళ్లే ఇస్తారు. చీలమండలు కప్పే బూట్లు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లవ్స్ మనవి. టెక్సాస్ ఎండలో అవన్నీ వేసుకుని నిలబడితే ఉడికిపోతాం.

మొదటి తంటా గేర్లతోనే. స్ప్లెండర్‌కి నాలుగు గేర్లూ కిందికే తొక్కుతాం. ఇక్కడి బండికి ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి. అలవాటు కొద్దీ కిందికి నొక్కితే ఇంజిన్ గోల పెడుతుంది తప్ప పై గేరు పడదు. బైక్ ఎన్నడూ ముట్టని వాళ్లకు ఈ బాధే లేదు.

ఇంకా కష్టం బ్రేక్. "ముందు బ్రేక్ పట్టకురా, బోర్లా పడతావ్" అని మనలో చాలామందికి ఏ బాబాయో చెప్పే ఉంటాడు. నిజానికి బ్రేక్ వేయగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదికి వస్తుంది, బండిని ఎక్కువగా ఆపేది అదే. ఒక్కసారిగా గట్టిగా లాగితేనే ప్రమాదం. లివర్‌ను ముందు మెల్లగా పట్టి, ఆపై ఒత్తిడి పెంచుతూ పోవాలి, వెనక బ్రేక్ కూడా కలిపి. కోన్ల మధ్య సడన్‌గా ఆపే పరీక్షలో బండి ఆగడానికి ఎక్కువ దూరం పడితే పాయింట్లు పోతాయి. నా వేళ్లు మాట వినడానికి చాలాసేపు పట్టింది.

యూటర్న్‌లో ఇన్‌స్ట్రక్టర్ అరిచేది ఒకటే: తల తిప్పు! కోన్ వైపు చూస్తే బండి కోన్ మీదికే పోతుంది. మన దగ్గర లైసెన్స్ టెస్టులో 8 వేయించేటప్పుడు కాలు కింద పెట్టొద్దన్నారే గానీ, ఎటు చూడాలో ఎవరూ చెప్పలేదు.

అన్నట్టు, 21 ఏళ్లు నిండి ఈ కోర్సు పూర్తి చేస్తే టెక్సాస్ చట్టం హెల్మెట్ నుంచి మినహాయింపు ఇస్తుంది. హెల్మెట్ లేనిదే బండి ముట్టనివ్వని క్లాసుకు ఇదేం బహుమతో! నేనైతే పెట్టుకునే తిరుగుతున్నాను.