భువనగిరి గుట్ట ఎత్తు: బారోమీటరు ఇంకా మాట వినడం లేదు

గుట్ట ఎక్కడానికి ఇబ్బందేమీ లేదు, రెయిలింగ్ పట్టుకుని అరగంటలో పైకి చేరాం. చిక్కంతా ఎత్తు కొలవడంలోనే. అందరూ చెప్పేది 500 అడుగులు, అంటే 152 మీటర్లు. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే బారోమీటరు వాచీతో దాన్ని తేల్చేద్దామంటే ఇప్పటికీ తేలలేదు.

ఈసారి వాచీని పైన గోడ నీడలో పదిన్నరకు పెట్టి నాలుగింటి దాకా కదపలేదు. అయినా అది చూపే ఎత్తు 28 మీటర్లు పైకి పోయింది! వాచీ పాడైందేమో అనిపిస్తుంది గానీ తప్పు దానిది కాదు. మన దగ్గర గాలి పీడనం రోజూ పొద్దున పదింటి ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. తేడా మూడు నాలుగు మిల్లీబార్లు, ఆ రోజు 3.2. పీడనం తగ్గితే పైకి ఎక్కామనుకుని వాచీ మిల్లీబారుకు 8.7 మీటర్ల చొప్పున కడుతుంది కనుక 28కి లెక్క సరిపోయింది.

ఆ 8.7 దగ్గరే ఇంకో మెలిక ఉంది. ఈ ఎత్తులో గాలి 12 డిగ్రీలు ఉంటుందని వాచీ అనుకుంటుంది, మనకు 35. వేడిగాలి పలచన, అందుకని మిల్లీబారుకు 9.4 మీటర్లు కట్టాలి. 150 మీటర్లు ఎక్కితే వాచీ 139 అంటుందన్నమాట. వచ్చిన అంకెను 1.08తో గుణించాల్సిందే. ఉష్ణోగ్రత కిందా పైనా నీడలో చూసి సగటు తీయాలి. చేతికున్న వాచీ చూపేదాంట్లో ఒంటి వేడి కలుస్తుంది, అది పనికిరాదు.

ఈ రెండూ సరిచేశాక కూడా ఎక్కిన లెక్కకూ దిగిన లెక్కకూ 5 మీటర్లు తేడా! అనుమానం ఈదురుగాలి మీద. సెకనుకు 10 మీటర్ల గాలి సెన్సర్ రంధ్రానికి ఎదురుగా కొడితే అర మిల్లీబారు ఎక్కువ చూపుతుంది, అంటే దాదాపు ఆ 5 మీటర్లే. గోడ చాటున ఒక అంకె, అంచున నిలబడితే ఇంకో అంకె వస్తోంది. ఇకమీద కొలిచేటప్పుడు పలచటి గుడ్డ సంచిలో పెట్టి చూడాలి.

గార్మిన్ వాచీ వాడేవాళ్లు ఆటో కాలిబ్రేషన్ (ఎత్తును వాచీ తనంతట తానే సరిచేసుకోవడం) ఆపేసి సెన్సర్‌ను ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే) మోడ్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే కదలకుండా ఉన్నప్పటి మార్పును వాతావరణం ఖాతాలో వేసేస్తుంది. పాత క్యాసియో ప్రోట్రెక్ వాచీలు ఎత్తును 5 మీటర్ల అంచెల్లోనే చూపుతాయి, ఈ పనికి వద్దు. నా ఓటు ఫోన్‌లోని బారోమీటరుకే: పీడనాన్ని ఉన్నదున్నట్టు రాస్తుంది, లెక్క మన చేతిలో ఉంటుంది. జీపీఎస్ ఎత్తు నమ్మేముందు ఒకటి చూసుకోవాలి: సముద్రమట్టం లెక్కకూ దానికీ మన దగ్గర 70 మీటర్లకు పైగా తేడా ఉంది, కొన్ని యాప్‌లు దాన్ని సరిచేయకుండానే చూపుతాయి.

తర్వాతి ప్రయత్నం రెండు ఫోన్లతో. కింద మెట్ల దగ్గర ఒకటి నిమిషానికోసారి రాసుకుంటూ ఉంటుంది, రెండోది పైకి. బయల్దేరే ముందు అరగంట పక్కపక్కన ఉంచి వాటి మధ్య తేడా తీసేయాలి. సముద్రమట్టం నుంచి ఎత్తుకు రైల్వే స్టేషన్ బోర్డు మీది అంకె ఆధారం.

అది కుదిరితే శ్రీశైలం పాతాళగంగ రోప్‌వే. డ్యాం నీటిమట్టం రోజూ పేపర్లో అడుగుల్లో వస్తుంది (నిండితే 885), కాబట్టి నీటి అంచునుంచే కొలత మొదలుపెట్టవచ్చు. రోప్‌వేలో నిమిషాల్లో దిగిపోతాం, పీడనం మారేలోపు పని అయిపోతుంది. కేబిన్ కదులుతున్నప్పటి అంకెలు వదిలేసి, రెండు స్టేషన్లలోనూ పది నిమిషాలు ఆగి సగటు తీస్తే చాలు.