వేదిక మీద శాలువాలు, పడమట శని

చీటీలో ఏమి రాశారో నాకు కనబడలేదు. ‘ముగించండి’ అనే రాసి ఉంటారు. సూర్యగ్రహణం గురించి చెబుతున్న ఆ లెక్చరరు దాన్ని చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ‘మరునాడు తెల్లవారగానే ఆయన ఏమి చేశాడంటే...’ అని మొదలుపెట్టిన వాక్యాన్ని అక్కడే వదిలేసి, ‘సమయాభావం వల్ల మిగతాది మరోసారి’ అంటూ నమస్కారం పెట్టి దిగిపోయాడు. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, అత్తయ్య తప్ప. నాకు మాత్రం ఆ సగం వాక్యం నిద్ర పట్టనివ్వడం లేదు.

ఎక్కడికి వెళ్లామో చెప్పలేదు కదూ. విజయవాడకు దగ్గరలోనే ఒక విశ్వవిద్యాలయం. ఫిజిక్సు విభాగం డాబా మీద చిన్న గుమ్మటం, అందులో టెలిస్కోపు. అప్పుడప్పుడూ జనాన్ని పిలిచి ఉపన్యాసం ఇప్పించి, తరవాత ఆకాశం చూపిస్తారు. పేరు రాయను. రాస్తే మా ఆయన ఆఫీసులో ఎవరో ఒకరి బావమరిది అక్కడే పనిచేస్తూ ఉంటాడు. ఈ ఊరు అంతే.

వెళ్దామని పట్టుబట్టింది అత్తయ్యే. రథసప్తమి కదా, పొద్దున జిల్లేడాకులు, రేగుపళ్లు నెత్తిన పెట్టుకుని స్నానం చేసి, డాబా మీద పిడకలు రాజేసి పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టింది. పొగకు కళ్లు తుడుచుకుంటూనే, ‘పొద్దున సూర్యుణ్ణి చూశాం, రాత్రికి మిగతావాళ్లను కూడా చూసి వద్దాం’ అంది. మోకాళ్ల సంగతి గుర్తుచేస్తే వినలేదు. ఆవిడ సంగతి మీకు కొత్త కాదు.

సభ ఆరింటికని వేశారు, ఆరింటికే మొదలైంది. మన సభలు చెప్పిన వేళకు మొదలవడమేమిటని నేను ఆశ్చర్యపోతూంటే అత్తయ్య నా చెవిలో, ‘ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు వరకు’ అంది. అంతవరకు నాకు తట్టనే లేదు. ముందుగా జ్యోతి ప్రజ్వలన. ఫ్యాను గాలికి వత్తి అంటుకోదు, ఫ్యాను ఆపే స్విచ్చు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ తరవాత వేదిక మీదికి ఆహ్వానాలు. ఆ తరవాత శాలువాలు. ఒక పెద్దాయనకు శాలువా కప్పి, ఫోటోగ్రాఫరు సిద్ధంగా లేడని మళ్లీ తీసి, మడత పెట్టి, మళ్లీ కప్పారు. రెండోసారి ఆయన మొదటిసారి కన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు. జ్ఞాపికలు, పూలమొక్కలు, పూలమొక్క అందుకుంటూ ఫోటో. నేను కిటికీలోంచి పడమటివైపు చూస్తూ కూర్చున్నాను. ఈ రోజుల్లో శని తొమ్మిదిన్నర దాటగానే అస్తమిస్తున్నాడు. చంద్రుడు ఉంటాడు, సప్తమి కాబట్టి సగం చంద్రుడు, గుంటలు చూడటానికి అంతకన్నా మంచి రోజు లేదు. గురువూ ఉంటాడు. శని మాత్రం ఎవరి శాలువా కోసమూ ఆగడు.

ముఖ్య అతిథి మూఢనమ్మకాల మీద మాట్లాడాడు. చాలాసేపు. గ్రహణం రోజున తలుపులు బిగించుకుని చీకట్లో కూర్చునే అమాయకుల గురించి, ఊరగాయ జాడీ మీద దర్భ వేసేవాళ్ల గురించి హాస్యంగా చెప్పాడు. హాలంతా నవ్వింది. ‘హీలియం పుట్టిల్లు మన గుంటూరు’ అని ముగించాడు, చప్పట్లు మోగాయి. రాహుకాలం దాటాక మొదలైన సభలో.

అప్పుడు వచ్చాడు మా లెక్చరరు. మా లెక్చరరు అంటున్నాను కానీ ఆయన ఎవరో నాకు తెలియదు, చిన్న వయసు, మైకు దగ్గర తడబడతాడు. అయితే విషయంలోకి దిగాక ఆ తడబాటు పోయింది. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున టెనెంట్ అనే సైనికాధికారి కూడా గుంటూరులోనే దిగి ఫోటోలు తీశాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. చీకటి పడిన ఆ కాసిన్ని నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల మీదికి జాన్సెన్, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని తిప్పాడు. వేరువేరు రంగుల్లో మెరిసే గీతలు కనబడ్డాయి, అంటే ఆ జ్వాలలు కాగిన వాయువు అన్నమాట. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చు కదా అని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. ఆ రోజు మబ్బు పట్టింది. మరునాడు తెల్లవారగానే...

చీటీ.

ఆ మరునాడే కదా అసలు కథ! ఆగస్టు 19 పొద్దున ఆయన వర్ణపటదర్శిని సన్నని చీలికను సూర్యుడి అంచుకు ఆనించి చూశాడు, గీతలు కనబడ్డాయి. కిటుకు చాలా తేలిక. సూర్యుడి మామూలు వెలుగును అన్ని రంగుల్లోకీ పరిచేస్తే పలచబడిపోతుంది. జ్వాల వెలుగు కొన్ని గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు, ఆ గీతలు పైకి తేలతాయి. అంతవరకు గ్రహణం కోసం సముద్రాలు దాటి వెళ్లవలసినవాళ్లు, ఆ పొద్దు నుంచి ఎండ కాసిన ఏ రోజయినా జ్వాలలను చూడవచ్చు. జాన్సెన్ రెండు వారాలకు పైగా రోజూ చూస్తూనే ఉన్నాడు, మా గుంటూరులో. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా తనంతట తాను అదే పద్ధతి సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే రోజు చదివారు, తరవాత ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో పతకం వేయించింది.

హీలియం సంగతంటారా, అది అంత సూటిగా ‘పుట్టిల్లు’ అనేసే వ్యవహారం కాదు. ఆ గ్రహణంలో పసుపు గీతను చూసినవాళ్లలో మచిలీపట్నంలోని పాగ్సన్ ఒకడు, అది సోడియం వెలుగులోని పసుపు గీత ఉండే చోటో, ఆ దగ్గరలోనో ఉందని రాసుకున్నాడు. సోడియం కాదు, వేరే ఏదో అని పట్టుబట్టినవాడు లాకియర్. ఆ వేరే ఏదో హీలియమే, భూమి మీద అది రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకు దొరికింది 1895లో. గుంటూరుకు గొప్ప చెప్పుకోవడానికి ఆ పద్దెనిమిదో తేదీ కన్నా పంతొమ్మిదో తేదీ పెద్దదని నా వాదన. చప్పట్లు కొట్టించుకున్నవాళ్లకు పద్దెనిమిది చాలు.

సరే, డాబా. మెట్ల దగ్గర ఎనిమిదిన్నర దాటింది. వరస కింద వరకు ఉంది. ఆవరణలో హైమాస్ట్ దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. నక్షత్రాలు చూపించే రాత్రి దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు, తోచినవాడి దగ్గర తాళం లేదు. వరసలో ప్రతివాడూ టెలిస్కోపులో చూసే కటకానికి, అదే ఐపీసుకు, కన్ను ఆనించకుండా ఫోను ఆనిస్తున్నాడు. ఫోనులో పడదు, కదుపుతాడు, టెలిస్కోపు కదులుతుంది, ఆ విద్యార్థి కుర్రాడు పాపం మళ్లీ శనిని వెతికి పట్టుకొచ్చి పెడతాడు.

మా వంతు వచ్చేసరికి శని పడమటి దుమ్ములోకి బాగా దిగిపోయాడు. అత్తయ్య వంగబోయి ఆగి, ‘బాబూ, శనిని ఇలా నేరుగా చూడవచ్చా?’ అని అడిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కుర్రాడు నవ్వలేదు. ‘చూడండి మామ్మగారూ, ఏమీ కాదు. ఇప్పటికి చాలామంది చూశారు, నేను రోజూ చూస్తాను’ అన్నాడు. ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది, ఎవరినీ లెక్కచేయకుండా. ‘ముత్యానికి సూది గుచ్చినట్టుంది’ అంది.

నేను చూశాను, అంతే. చిన్న గుండ్రం, అడ్డంగా సన్నని గీత. నాకు ఒళ్లు మండింది. బయట పోస్టరు మీద ఇంత వెడల్పు వలయాలు వేసి పిలిచారు కదా! వెనక ఉన్న పిల్లాడు ‘ఇది శని కాదు’ అని ఏడుపు మొదలుపెట్టాడు, వాడి బాధ న్యాయమైనదే. దిగి వచ్చేదాకా మా ఆయనతో దాని గురించే సణుగుతున్నాను.

ఇంటికి వచ్చాక, ఇది రాస్తూంటే ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. శని వలయాలు 2025 మార్చిలో మనకు సరిగ్గా అంచు మీదుగా తిరిగాయి. ఇప్పుడిప్పుడే మళ్లీ విచ్చుకుంటున్నాయి. అంత వెడల్పున్నా వాటి మందం చాలాచోట్ల పదుల మీటర్లే, అందుకే అంచు నుంచి చూస్తే మాయమవుతాయి. గెలీలియో 1610లో శనికి రెండు పక్కలా ఏవో ఉన్నాయని చూసి, 1612లో మళ్లీ చూస్తే లేవు, పాపం బెంగపడిపోయాడు. అవి వలయాలని హైగెన్స్ అనే శాస్త్రవేత్త చెప్పేదాకా ఆ చిక్కు విడలేదు. ఇలా సూదిలా కనబడటం దాదాపు పదిహేనేళ్లకొకసారి. వెడల్పు వలయాలు ఇంకొన్నేళ్లు ఆగితే ఎప్పుడయినా చూడవచ్చు. ఈ సూదిని మళ్లీ చూసేనాటికి అత్తయ్య... వద్దులెండి. పోస్టరు వేసినవాళ్లకు ఆ ముక్క తెలిసి ఉంటే ‘అరుదైన శని’ అని వేసి మూడింతల జనాన్ని పిలిచేవారు. నిజానికి మోసపోయింది వాళ్లే.

ముఖ్య అతిథి హాస్యం మీద కూడా ఒక మాట ఉండిపోయింది. 1980 ఫిబ్రవరి 16. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు సంపూర్ణ గ్రహణాన్ని చూసిన రోజు. మా గుంటూరులో పాక్షికమే. బ్రాడీపేటలో మా ఇంట్లో నాయనమ్మ మధ్యాహ్నానికే తలుపులన్నీ బిగించింది. హాల్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. చంటిపిల్లలూ, కడుపుతో ఉన్న పిన్నీ పడమటి గదిలో. పిన్ని కదలకుండా పడుకోవాలి, గోరు కూడా గిల్లకూడదు. నన్ను కాపలా పెట్టారు. ఆ గది కిటికీ చెక్కకు పాత మేకు ఊడిన చిల్లు ఒకటుంది. అందులోంచి ఎండ ఎదురుగోడ మీద రూపాయి బిళ్లంత పడేది రోజూ. ఆ రోజు ఆ బిళ్లను ఎవరో కొరుకుతున్నారు. ముందు కొంచెం, తరవాత సగం, తరవాత సన్నని కొడవలి. తలకిందులుగా. పిన్ని పడుకున్నచోటు నుంచి కదలకుండా అంతా చూసింది, నాకు ఏది ఎప్పుడు తగ్గిందో చెబుతూ. నాయనమ్మ లోపలికి వచ్చి చిల్లులో గుడ్డ కుక్కబోయింది. కొడవలిని చూసి ఆగింది. గుడ్డ చేతిలోనే పట్టుకుని మంచం పట్టె మీద కూర్చుంది. వీధిలో మసి గాజు పట్టుకుని నిలబడ్డ తాతయ్యను కూడా లోపలికి కేకేసింది. తాతయ్య కాసేపు చూసి, బయటికన్నా ఇదే నయమన్నాడు.

తలుపులు బిగించుకోబట్టే మాకు అంత బాగా కనబడింది. తెరిచి ఉంటే గోడ మీద ఏమీ ఉండేది కాదు. అలాగని తలుపులు బిగించుకొమ్మని అనడం లేదు, నేను ఆ పక్షం కాదని మీకు తెలుసు. పిన్ని కొడుక్కి మొర్రీ లేదు, గిర్రీ లేదు, కావలసినదానికన్నా ఎక్కువే మాట్లాడతాడు. కాకపోతే ఆ ‘అమాయకులు’ అనే మాట ఇందాక హాల్లో నవ్వుల మధ్య నాయనమ్మ మీద పడ్డట్టనిపించింది.

కిందటి టపాలో, పిలుపు రాగానే, ఇలాంటి సభలకు ఇక వెళ్లనని రాశాను. వెళ్లాను. మళ్లీ వెళ్తాను. ముందు మాత్రం ఆ విభాగాధిపతికి ఉత్తరం రాస్తాను: ఆ లెక్చరరుకు గంట ఇవ్వండి, పంతొమ్మిదో తేదీ నుంచి మొదలుపెట్టనివ్వండి, శాలువాలు ఎవరికి కప్పినా శని దిగాక కప్పండి, హైమాస్ట్ తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. అత్తయ్య పక్కగదిలోంచి తన సంతకం కూడా ఉండాలంటోంది. మోకాలికి నూనె రాసుకుంటోంది, చేతులు జిడ్డట, రేపు పెడుతుందట.